ఢిల్లీ ఆరోగ్యమంత్రి – ఓరుగంటి రోగి

(ఓరుగంటి పఠనాలయ సభలో చేసిన ప్రసంగపాఠము)



2022వ సంవత్సరము మార్చి నెలాఖరున మన మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలలో, తీవ్రమైన శ్వాసవ్యాధులతో బాధపడువారికై యేర్పరచిన గదిలో, కదలలేక పడియున్న యొక రోగిని ఎలుకలు కరచినవని వార్త వెలువడెను. రాష్ట్ర ప్రభుత్వము వెంటనే వైద్యశాల పర్యవేక్షకుని బదిలీ చేసెను. ఇద్దరు వైద్యులను సస్పెండు చేసెను. అంతటితో ఆ కాగితము మూతపడెను. అప్పుడు మన యూర రచ్చబండలయందును, ఇట్టి పఠనాలయములయందును రెండు ప్రశ్నలు వినవచ్చినవి. ఢిల్లీలో ఆరోగ్యమంత్రి యను పేర నొకరున్నారు గదా, ఆయన యేమి చేయుచున్నాడని కొందరడిగిరి. హైదరాబాదులో మంత్రి లేడా, ఢిల్లీవానికి మన యెలుకలతో నేమి పని యని మరికొందరు బదులు చెప్పిరి. ఇరుపక్షములవారును కొంతవరకు సత్యమునే పలికిరి. ఈ రెండు ప్రశ్నల నడుమనే మన రోగి పడియున్నాడు గనుక నేడు ఢిల్లీ ఆరోగ్యమంత్రి పదవి యెట్టిది, దాని నెవరెవరు వహించిరి, దానివలన ఓరుగంటివారికి గలిగిన దేమి, కలుగవలసిన దేమి యను విషయమును ముచ్చటింపదలచినాము.

శాసన మేమి చెప్పుచున్నదో మొదట చూతము. మన రాజ్యాంగము ఏడవ షెడ్యూలులో రెండవ జాబితా, ఆరవ పద్దు ప్రకారము ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు, ఔషధశాలలు రాష్ట్రముల పాలివి. కాబట్టి మన వైద్యశాలలో నొక దాదిని నియమించుటకు గాని, ఒక కిటికీకి ఇనుపజాలి బిగింపించుటకు గాని ఢిల్లీ మంత్రికి అధికారము లేదు. ఈ పంపకము స్వతంత్ర భారతము క్రొత్తగా కల్పించినది కాదు. 1919వ సంవత్సరపు సంస్కరణ చట్టముతో ఆంగ్ల ప్రభుత్వము ఆరోగ్యశాఖను రాష్ట్రములందలి దేశీయ మంత్రుల కప్పగించి, ఖజానా తాళపుచెవులను మాత్రము తన మొలను చెక్కుకొనెను. బరువు మీది, పైకము మాది యను నీతి యది. దొరలు వెళ్లి యెన్నో యేండ్లు గడచినను ఆ నీతి పూర్తిగా వెళ్లలేదు.

అయిన ఢిల్లీ మంత్రికి మిగిలినదేమి? మందులమీద అదుపు, వైద్యవిద్య, ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పాకు అంటువ్యాధుల నివారణ, జనాభా నియంత్రణ: ఇవి ఉమ్మడి జాబితాలోనివి. ఇవిగాక ధనము. శాసనము నోరు మూసిన చోట ధనము మాటలాడును. జాతీయ ఆరోగ్య మిషను క్రింద మన రాష్ట్రమునకు వచ్చు ప్రతి నూరు రూపాయలలో 60 కేంద్రమువి, 40 రాష్ట్రమువి. షరతులు మాత్రము నూటికి నూరును ఢిల్లీవే.

ఇక ఆ పీఠముపై కూర్చున్నవారి మాట. 1946లో నేర్పడిన తాత్కాలిక ప్రభుత్వమున ముస్లిం లీగు పక్షమున రాజా గజన్‌ఫర్ అలీఖాన్ కొలదినెలలు ఆరోగ్యశాఖను చూచి, పిమ్మట పాకిస్తానునకు వెడలిపోయెను. 1947 ఆగస్టు 15వ తేదీన స్వతంత్ర భారత ప్రథమ ఆరోగ్యమంత్రిణిగా ప్రమాణము చేసినది కపూర్తలా రాజవంశమునకు చెందిన రాజకుమారి అమృతకౌర్. ఆనాడామెకు ఓరుగంటిపై నే యధికారమును లేదు. మనము నిజాము ఏలుబడిలో నుంటిమి. తెలంగాణము రజాకార్ల చేత నలుగుచుండెను. 1948 సెప్టెంబరు పిమ్మట గాని ఆమె శాఖకు మన పొలిమేర తెరువలేదు. పల్లెలలో చలిజ్వరము, నారికురుపు, మశూచి రాజ్యమేలుచుండగా, పల్లెవాడు చికిత్సకై పట్టణమునకు బండి కట్టుకొని రావలసిన కాలమది.

అమృతకౌర్ పదేండ్లు, 1957వరకు, ఆ పదవిలో నుండెను. ఆమె తరువాత వచ్చినవారిలో నెవ్వరును అన్నాళ్లు ఒక్కపట్టున నుండలేదు. గాంధీమహాత్మునికి బహువత్సరములు కార్యదర్శినిగా నుండి, చెరసాల కేగిన యామెకు వైద్యశాస్త్రము రాదు. అయిన నామె చేతిలో నొక గ్రంథము సిద్ధముగా నుండెను. సర్ జోసెఫ్ భోర్ సంఘము 1946లో సమర్పించిన నివేదికయే యది. పదివేలనుండి యిరువదివేల జనమునకు 75 పడకలతో నొక ఆరోగ్యకేంద్రము ఉండవలెనని ఆ సంఘము దూరదృష్టితో కోరెను. 1952లో గ్రామాభివృద్ధి పథకముతో బయలుదేరిన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు దానికి చాల చిన్న పిల్లలు. కాని వంశము మాత్రమదే. క్షయకు బి.సి.జి. టీకాలు 1951నుండి దేశమంతట వేయసాగిరి. మన మదనపల్లె క్షయ ఆరోగ్యాశ్రమము ఆ టీకా పరిశోధనలో పేరొందెను. రాజాజీవంటి వాడే ఆ టీకాను బహిరంగముగా నెదిరించినను ఆమె వెనుదీయలేదు. 1950లో ప్రపంచ ఆరోగ్య సభకు అధ్యక్షత వహించెను. 1956లో అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ చట్టమును లోకసభలో తానే ప్రవేశపెట్టి నెగ్గించెను. ఆ సంస్థకు న్యూజీలండు ధనము తెచ్చిపెట్టుటయే గాక, సిమ్లాలోని స్వగృహమును సైతము దాని కిచ్చివేసెను. లోపములును లేకపోలేదు. సంతాన నిరోధ విషయమున గాంధేయ నిష్ఠతో సంయమమును, దినగణన పద్ధతిని మాత్రమే ఆమె అంగీకరించుటచేత ఆ శాఖ కొన్నేండ్లు వెనుకబడినదని మా యభిప్రాయము. అయినను మంత్రి యొకరు నాటిన చెట్టు నీడను ఆమె స్వయముగా చూడగల్గినది.

మలేరియా కథ వినదగినది. దోమయే ఆ జ్వరమునకు వాహకమని సర్ రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. అయిన నేమి? అర్ధశతాబ్దము గడచినను దేశమున ఏటేట 7 కోట్ల 50 లక్షలమంది ఆ జ్వరముపాలై, 8 లక్షలమంది మరణించుచుండిరని లెక్కించిరి. 1953లో నియంత్రణ కార్యక్రమము ఆరంభమై, డి.పి. కర్మార్కర్ మంత్రిగా నున్న 1958లో అది నిర్మూలన కార్యక్రమముగా మారెను. 1965నాటికి రోగుల సంఖ్య లక్షకు దిగెను. ములుగు, ఏటూరునాగారము అడవులంచున నివసించు మనవారికి ఈ యంకె యెట్టి వరమో చెప్పనక్కరలేదు. కాని జయము కంటబడగానే శ్రద్ధ సడలెను. దోమలు మందునకు అలవాటుపడెను. పట్టణములలో పని కుంటుపడెను. 1976లో రోగుల సంఖ్య మరల 64 లక్షలు దాటెను. 1962నుండి 1967వరకు మంత్రిణిగా నున్న డాక్టర్ సుశీలా నయ్యర్ గాంధీజీకి వైద్యురాలు, సేవాగ్రామములో వైద్యశాలను పెంచిన యోగ్యురాలు. ఆమె దిగిన తరువాతి పదేండ్లలో మాత్రము ఎస్. చంద్రశేఖర్, సత్యనారాయణ సిన్హా, కె.కె. షా, ఉమాశంకర్ దీక్షిత్, కరణ్‌సింగ్ మొదలగువారు ఒకరి వెంట నొకరు ఆ పీఠమునకు వచ్చిరి. వీరిలో చంద్రశేఖర్ మన రాజమహేంద్రవరమున జన్మించిన జనాభాశాస్త్రవేత్త యని జ్ఞాపకము చేయుట మాకు ముదావహము.

ఇచట మన జిల్లావాని ప్రస్తావన తప్పదు. నర్సంపేట తాలూకా లక్నేపల్లిలో జన్మించిన పి.వి. నరసింహారావుగారు ఆరోగ్యశాఖను రెండు పర్యాయములు వహించినారు. ఈ సంగతి మనలో నెందరికి తెలియును? 1967లో ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య, వైద్యశాఖామంత్రిగా నొకమారు. 1986 పిమ్మట 1988వరకు కేంద్రమున మానవవనరుల శాఖకు తోడుగా ఆరోగ్య కుటుంబ సంక్షేమశాఖను మోసి మరియొకమారు. హనుమకొండనుండి రెండుమార్లు లోకసభకు వెళ్లినవారే. కాని 1984లో ఇచట చందుపట్ల జంగారెడ్డిగారి చేతిలో నోడుటచేత, ఢిల్లీలో ఆరోగ్యమంత్రిగా నున్ననాడు వారు మహారాష్ట్రలోని రామ్‌టెక్ ప్రతినిధి. మనవారు ఓడించి పంపిన తరువాత మనవాడు మంత్రి యయ్యె ననుకొనవలెను!

పి.వి.గారు విద్యాశాఖలో చేసిన పనిని తెలియనివారు లేరు. 1968నుండి 1971వరకు రాష్ట్ర విద్యామంత్రిగా నుండిరి. ముఖ్యమంత్రి కాగానే నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసెను. కేంద్రమున 1985లో మానవవనరుల శాఖను చేపట్టిన పిమ్మట నూతన విద్యావిధానము, నవోదయ విద్యాలయములు వచ్చినవి. బీదవాని బిడ్డ అచట చదివి పైకివచ్చి వారిపేరు తలచుకొనును. ఆరోగ్యశాఖలోనో? 1986లో మద్రాసున హెచ్.ఐ.వి. మొదటిసారి బయటపడగా, 1987లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమమును ఆరంభించిరి. అది చిన్న సంగతి కాదు. అయినను ఆ శాఖను తలచినప్పుడు పి.వి.గారి పేరు ఎవ్వరి నోటను రాదు. బహుభాషాకోవిదుడు, సూక్ష్మబుద్ధి, ఓపికగలవాడు, మనిషి యొక్కడే. ఒక శాఖలో సంస్థలు నిలిచినవి, మరొక శాఖలో పేరైనను నిలువలేదు. కారణమేమి? విద్యను వారికి ప్రధానకార్యముగా నప్పగించిరి. ఆరోగ్యమును మొదట నెలలలెక్కను, పిదప అదనపు బరువుగను కట్టబెట్టిరి. సమర్థుని తెచ్చి కూర్చుండబెట్టిన చాలునను వాదమునకు మన లక్నేపల్లి బిడ్డయే సమాధానము.

ఆ తరువాతి కాలము మరింత శోచనీయము. 1989 మొదలు 2004వరకు పదునైదేండ్లలో పదిమందికి పైగా ఆ పీఠమునెక్కి దిగిరి. రైల్వే, హోము, ఆర్థికశాఖలను పంచగా మిగిలినదానిని కూటమిలోని చిన్న పక్షముల నోరు మూయుటకై యిచ్చెడి యాచారము బలిసెను. చలనచిత్ర నటుడు శత్రుఘ్న సిన్హా 2002–03లో కొలది నెలలుండెను. వారి కంటె ముందున్న సి.పి. ఠాకూర్ కాలాజార్ వ్యాధి చికిత్సలో ప్రసిద్ధికెక్కిన వైద్యుడు. వైద్యుని దింపి నటుని నెక్కించిరన్నమాట. మన తెలుగు ఆడపడుచులలో రేణుకా చౌదరి 1997–98లో స్వతంత్ర బాధ్యతతో సహాయమంత్రిణిగను, పనబాక లక్ష్మి 2004నుండి 2009వరకు సహాయమంత్రిణిగను ఆ శాఖలో పనిచేసిరి. 2004లో వచ్చి అయిదేండ్లకు దగ్గరగా నిలిచిన అన్బుమణి రామదాసు కాలమున గ్రామీణ ఆరోగ్య మిషను 2005లో పుట్టెను. నేడు మన వాడవాడలను తిరుగు ఆశా కార్యకర్తలు దాని సంతానమే. ఎవ్వరు నిలిచిరో వారి కాలమున నేదో యొకటి నిలిచినది. ఇది కాకతాళీయమని మేము నమ్మజాలము.

ఇచట మా వాదమునకు మేమే యొక యెదురుసాక్ష్యమును చూపవలసియున్నది. నారికురుపు సంగతి పెద్దలకు తెలియును. దిగుడుబావిలో దిగి నీరు ముంచుకొనువారి కాలినుండి మూరెడు పురుగు మెలికలు తిరుగుచు వెడలుట, దానిని పుల్లకు చుట్టుచు దినదినము కొంచెము కొంచెముగా లాగుట, తెగినచో కాలు వాచి మంచముపట్టుట. కోతలనాటికి కాపువాని పనికి దూరము చేయు రోగమది. 1983–84లో నిర్మూలన కార్యక్రమము మొదలైననాడు మన రాష్ట్రముతో గూడ ఏడు రాష్ట్రములలో సుమారు 40 వేల రోగులుండిరి. తరువాతి పండ్రెండేండ్లలో ఢిల్లీలో మంత్రులు మారని సంవత్సరము అరుదు. అయిన పని మారలేదు. దిగుడుబావుల మెట్లు మూసి గిలకబావులుగా మార్చిరి, చేతిపంపులు వేసిరి, నీటిలో మందు కలిపిరి, బట్టతో వడకట్టి త్రాగుమని యింటింట చెప్పిరి. కడపటి రోగి 1996 జులైలో రాజస్థానమున కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశము నారికురుపునుండి విముక్తమైనదని ప్రకటించెను. దీనికి కొత్త మందు లేదు, టీకా లేదు. ఒక్క లక్ష్యము, దానిని విడువని యొక్క సంస్థ, ఏటేట తప్పక వచ్చు పైకము, ఊరూర తిరుగు చిన్న యుద్యోగి. మంత్రి నిలువనినాడు కనీసము లక్ష్యమైనను నిలువవలెనని దీనివలన తేలుచున్నది.

అట్లయిన ఆరోగ్యమును మొత్తముగా ఢిల్లీకే అప్పగించరాదా యని యడుగువారున్నారు. పదునైదవ ఆర్థికసంఘము నియమించిన నిపుణుల బృందము 2019లో ఆరోగ్యమును ఉమ్మడి జాబితాలోనికి మార్చుమని సూచించెను. మేము దీనికి సమ్మతింపము. ఇదివరలో ఉమ్మడి జాబితాలో చేర్చిన పద్దు ఒకటి కలదు: జనాభా నియంత్రణ. ఎప్పుడు చేర్చిరి? అత్యయిక పరిస్థితిలో, 42వ రాజ్యాంగ సవరణచేత. ఆ 1976–77 సంవత్సరమున దేశమందు 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. బలవంతము, భయము, అంకెల పిచ్చి ఎంతటి ఘోరములు చేయించెనో లోకమెరుగును. అభివృద్ధియే ఉత్తమ సంతాననిరోధకమని 1974లో బుఖారెస్టు సభలో ప్రకటించిన కరణ్‌సింగే ఆనాటి మంత్రి! మాట మంచిదే, పై యధికారము వీచిన గాలిలో మాట కొట్టుకొనిపోయెను. 1977 ఎన్నికల పిమ్మట, రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ నోడించిన రాజ్‌నారాయణ్ ఆ శాఖకు వచ్చి, కుటుంబ నియంత్రణ యను పేరును కుటుంబ సంక్షేమమని మార్చవలసివచ్చెను. ఢిల్లీ చేయి పొడవైన కొలది మేలు కలుగునని భ్రమపడరాదు.

2020–21లో కోవిడు మహమ్మారినాడును ఇట్టిదే చూచితిమి. 1897వ సంవత్సరమున బొంబాయి ప్లేగునకై చేసిన అంటువ్యాధుల చట్టము, 2005వ సంవత్సరపు విపత్తుల చట్టము కలిసి ఢిల్లీకి తాత్కాలికముగా రాజదండము నిచ్చినవి. రైళ్లు నిలిచినవి, బడులు మూసిరి. కాని పడకలు, ప్రాణవాయువు వెదకుకొన్నది ఊరివారే. 2021 జులైలో ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ పదవి విడిచెను; మాండవియా వచ్చెను; 2024 జూనులో నడ్డా తిరిగి వచ్చెను.

కావున ఢిల్లీ యాజ్ఞలు కాదు, ఢిల్లీ పైకము మనకు కావలెను. ఆ పైకమునకు లెక్క కావలెను. 2017వ సంవత్సరపు జాతీయ ఆరోగ్య విధానము 2025 నాటికి ప్రభుత్వవ్యయము దేశోత్పత్తిలో నూటికి రెండున్నర వంతులకు చేరవలెనని వ్రాసికొనెను. 2021–22 లెక్కలలో అది 1.84 మాత్రమే, అదియు కోవిడు సంవత్సరపు వ్యయము కలిపి. ఆ యేటనే దేశ ఆరోగ్యవ్యయములో నూటికి 39 వంతులు రోగి జేబునుండి వెడలినవి. జేబనగా నేమి? పరకాలలోనో, మహబూబాబాదులోనో ఒక యెకరము, ఒక జత యెడ్లు, ఆడుబిడ్డ మెడలోని పుస్తెలతాడు.

మనవద్దకు వచ్చిన ఢిల్లీ పైకమునకు దృష్టాంతము కాకతీయ వైద్యకళాశాల ఆవరణములోని ప్రత్యేక చికిత్సల భవనము. 1959లో స్థాపితమైన ఆ కళాశాలకు ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా యోజన క్రింద 150 కోట్ల రూపాయల పని మంజూరయ్యెను. అందు 120 కోట్లు కేంద్రమువి, 30 కోట్లు రాష్ట్రమువి. గోడలు కేంద్రము కట్టించును, లోపల వైద్యుని రాష్ట్రము నియమించవలెను. గోడకు ప్రారంభోత్సవ ఫలకము గలదు. వైద్యుని నియామకమునకు ఫలకము లేదు గనుక దానియందు మంత్రులకు తొందర తక్కువ. ఇది నవ్వుటకు చెప్పిన మాట కాదు. రెండు ప్రభుత్వములు పాలు పంచుకొన్న ప్రతిచోటను, మధ్య సందులో నెవ్వనికిని చెందని పని యొకటి మిగులును. ఎలుకలు తిరుగునది ఆ సందులోనే.

మేము కోరునది రెండు విషయములు. మొదటిది: ఢిల్లీలో నే పక్షము పాలించినను ఆరోగ్యమంత్రిని నిండు అయిదేండ్లు నిలుపవలెను, ఆ శాఖను మరియొక శాఖకు తోకగా కట్టరాదు. దీనిని మన లోకసభ సభ్యులు తమ పక్షములో నడుగవలెను. ఓట్లకు వచ్చినప్పుడు వారిని మనమడుగవలెను. రెండవది మన చేతిలోనిది. మన పెద్ద వైద్యశాల ద్వారమున, ఓరుగంటి మనిషి చదువగల తెలుగులో, ఒక పలక కావలెను: కేంద్రమునుండి ఈ యేడు వచ్చినదెంత, రాష్ట్రమునుండి వచ్చినదెంత, మంజూరైన వైద్యుల, దాదుల కొలువులెన్ని, అందు నిండినవెన్ని, కాళీలెన్ని. పలక కట్టుటకు చట్టము మార్చనక్కరలేదు, చాపకము మాత్రమే కావలెను.

వారు కట్టకున్నచో మన మూరకుండనక్కరలేదు. 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో ఎవ్వరైనను ఈ ప్రశ్నల నడుగవచ్చును. ముప్పది దినములలో బదులు చెప్పితీరవలెను. 2021లో నిజాము కాలపు కేంద్రకారాగారమును నేలమట్టము చేసి, ఆ స్థలమున ఇరువదినాలుగంతస్తుల వైద్యశాలకు శంకుస్థాపన చేసిరి. అంతస్తుల లెక్క మనకు చెప్పినారు. ఏ యంతస్తులో నెందరు వైద్యులుందురో, వారి జీతము లే ఖజానావో యింకను వ్రాతమూలకముగా నడిగి తెలిసికొనవలసియున్నది. ఈ పఠనాలయమున వ్రాతగాండ్రకు కొదువ లేదు. సభ ముగియగనే మొదటి దరఖాస్తు ఇచటనే వ్రాయుదము. కాగితము, రుసుము మేము తెచ్చినాము.